అభివృద్ధి సోకని దీవి

మంత్రిగారికి విమానంలో కునుకు పట్టి ఉంటే ఈ కథే లేదు.

పట్టలేదు. పక్క సీటాయన గురక అలాంటిది. చేసేది లేక మంత్రిగారు ఎదుటి సీటు జేబులోంచి రంగుల పత్రిక ఒకటి లాగి తిరగేశారు. మధ్య పేజీలో ఒక బొమ్మ. తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, ఒక మేక. ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఉన్న దీవి అట. రోడ్డు లేదు, కరెంటు లేదు, హోటలు లేదు. ప్రపంచంలో డబ్బున్నవాళ్ళంతా ఇప్పుడు ఇలాంటి చోట్లకే ఎగబడుతున్నారని కింద రాసి ఉంది.

మర్నాడు దీవుల అభివృద్ధి మండలిలో అత్యవసర సమావేశం. రాష్ట్రంలోని నదీ లంకల్నీ సముద్రపు దిబ్బల్నీ బాగుచెయ్యడానికి పుట్టిన ప్రభుత్వ సంస్థ అది.

"మనం ఇన్నాళ్ళూ తప్పుదారిలో నడిచాం," అన్నారు మంత్రిగారు. "అభివృద్ధి ఎవరైనా చేస్తారు. చెయ్యకుండా ఉండడంలో ఉంది నైపుణ్యం. దానికి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. అవి మనం అధ్యయనం చెయ్యాలి."

అందరూ రాసుకున్నారు. మండలి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క లంకని కూడా అభివృద్ధి చెయ్యలేదన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అది ఘనకార్యమని మాత్రం ఆ రోజే తెలిసింది. కూలబడి కూర్చున్న వాళ్ళు కొందరు నిటారుగా సర్దుకున్నారు.

మంత్రిగారు లేవబోతూ ఇంకో మాట అన్నారు. అలాంటి దీవిని వెతికి, ప్రతిపాదన తయారుచేసిన అధికారే స్వయంగా వెళ్ళి చూసి రావాలి. రాసేది ఒకరు, వెళ్ళేది ఇంకొకరు అయితే కుదరదు.

చివరి వరుసలో డిప్యూటీ డైరెక్టర్ పసుమర్తి గంగాధరం పెన్ను ఆగిపోయింది.

మండలిలో యాత్రల ప్రతిపాదనలన్నీ రాసేది అతనే. మురుగు కాలవల అధ్యయనానికి స్విట్జర్లాండు, దోమల అధ్యయనానికి సింగపూరు, ఇసుక అధ్యయనానికి దుబాయి, అన్నీ అతని చేతి మీదుగా వెళ్ళినవే. వెళ్ళింది మాత్రం వేరేవాళ్ళు. గంగాధరం వాళ్ళ వెంట విమానాశ్రయం దాకా పోయి, ఆవకాయ సీసాల గురించి సెక్యూరిటీ వాళ్ళతో వాదించి, ఓడిపోయి, ఆ సీసాలు చంకలో పెట్టుకుని సిటీ బస్సులో ఇంటికొచ్చేవాడు. సర్వీసంతా అదే వరస. పాస్‌పోర్టు ఎప్పుడో తీసుకున్నాడు. గడువు అయిపోతే మళ్ళీ తీసుకున్నాడు. ఆ పేజీల మీద ఈగ కూడా వాలలేదు.

ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. ఈ విమానం ఎక్కకపోతే ఇక ఈ జన్మకి లేదు.

ఇంటికెళ్ళి భార్య సుభాషిణితో చెప్పాడు. ఆవిడ ఉప్పొంగిపోలేదు. దుబాయి అన్నప్పుడు కొన్న సూట్‌కేసులో ప్రస్తుతం పాత దుప్పట్లున్నాయి. "ఇప్పుడే ఖాళీ చెయ్యనా, జీవో వచ్చాక చెయ్యనా?" అని మాత్రం అడిగింది.

మంత్రిగారు చూసిన దీవి పనికిరాలేదు. పత్రికలో బొమ్మ పడ్డ దగ్గర్నుంచీ అక్కడ నాలుగు హోటళ్ళు లేచాయట. గంగాధరం పటాలు ముందేసుకుని కరీబియన్ సముద్రాన్ని మూల మూలా గాలించాడు. ఒక మూల ఆవగింజంత చుక్క దొరికింది. సెయింట్ ఓర్లా. మనుషులకన్నా మేకలెక్కువ. విమానం దిగదు, ఓడ ఆగదు. ఎజ్రా అని ఒకతను ఉన్నాడు. వారానికోసారి సొంత పడవలో పక్కనున్న పెద్ద దీవికి వెళ్ళి చేపలమ్మి, అక్కడే ఎవరి కంప్యూటర్లోనో ఉత్తరాలు చూసుకుని వస్తాడు. బయటి ప్రపంచానికీ ఆ దీవికీ ఉన్న సంబంధం అంతే.

గంగాధరం అతనికి యాత్రా లక్ష్యాలు, ఆశిస్తున్న ఫలితాలు, అధ్యయన పరిధి వివరిస్తూ పేజీలకు పేజీలు పంపాడు. వారం తర్వాత జవాబొచ్చింది.

'రండి. పడవ తెస్తాను. కాళ్ళు తడుస్తాయి, పాత చెప్పులు వేసుకోండి. ఎజ్రా.'

గంగాధరం దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. సూచిక నంబరు లేకుండా, విషయం అని పైన రాయకుండా, ఒక మనిషి తనని రమ్మనడం అతని సర్వీసులో అదే మొదటిసారి. దాన్ని ప్రింటు తీయించి ఫైల్లో పెట్టాడు.

అక్కడే పొరపాటు జరిగింది. ఫైల్లో పెట్టిన ఏ కాగితమైనా ఆర్థిక శాఖకు పోతుంది. ఆర్థిక శాఖలో శేషశాయి గారుంటారు.

వేదాంతం శేషశాయి గారు సంయుక్త కార్యదర్శి. సెక్రటేరియట్లో ఆయన కొర్రీ వెయ్యని కాగితం ఆయన శుభలేఖ ఒక్కటేనని చెప్పుకుంటారు. అదైనా వాళ్ళ మావగారు తొందరపడి అచ్చు వేయించబట్టి. ఆయనకి ఎవరి మీదా కోపం ఉండదు, ఎవరి దగ్గరా ఏమీ ఆశించరు. కాబట్టి ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"విదేశీ అధ్యయన యాత్ర ఆతిథ్య దేశపు సంబంధిత శాఖాధిపతి ఆహ్వానం మీద మాత్రమే జరగాలి," అన్నారాయన. "ఈ ఎజ్రా గారు ఏ శాఖకు అధిపతి?"

"ఆయనకో పడవుంది సార్."

"పడవ శాఖ కాదు గంగాధరం గారూ."

గంగాధరం తిరిగొచ్చి సెక్షన్ సూపరింటెండెంట్ రహమతున్నీసాని పిలిచాడు. ఒక శాఖను కొత్తగా ఏర్పాటు చేసే ఉత్తర్వు నమూనా తీసి, పేర్లు రాసుకోవాల్సిన చోట చుక్కలు పెట్టి ఎజ్రాకు పంపించారు. చుక్కల్లో మీ పేరు రాసి, కింద ముద్ర కొట్టి పంపితే చాలు, వచ్చేస్తానన్నాడు గంగాధరం.

ఎజ్రా మంచివాడు. దూరం నుంచి వస్తానంటున్న మనిషి ఏదో చిన్న సాయం అడిగాడు, చేసిపెట్టాడు. రబ్బరు చెప్పు మడమ కోసి ముద్ర చెక్కాడు. 'అభివృద్ధి లేమి శాఖ, సెయింట్ ఓర్లా. డైరెక్టర్.' ఒక చెప్పు పోయిందిగానీ పర్వాలేదు, మీరు వస్తున్నారుగా అని పక్కన రాశాడు.

రెండో కొర్రీ వచ్చింది. డిప్యూటీ డైరెక్టర్ హోదా అధికారి స్నానాల గది లోపలే ఉన్న ప్రభుత్వ అతిథి గృహంలో తప్ప బస చెయ్యరాదు. ఎజ్రా తన ఇంటి మీదే అతిథి గృహం అని బోర్డు పెట్టి, మేకల పాకలో గోడ కట్టి స్నానాల గది అన్నాడు. మూడో కొర్రీ: అతిథి గృహానికి కాపలాదారు ఉండవలెను. ఎజ్రా బావమరిదికి ఉద్యోగం వచ్చింది. నాలుగో కొర్రీ: అధికారికి అస్వస్థత కలిగితే చూడడానికి నర్సు, తరలించడానికి వాహనం. వాహనానికి రోడ్డు. రోడ్డుకు పర్యవేక్షకుడు.

ఇంతలో బృందం పెరిగింది. సెయింట్ ఓర్లా మాట మెల్లగా సెక్రటేరియట్ అంతా పాకింది. మంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శి చేరాడు. ఖర్చుల్ని ఖర్చయ్యే చోటే పరిశీలించడానికి శేషశాయి గారు తనను తాను చేర్చుకున్నారు. ఫోటోగ్రాఫరు, వంటమనిషి, కన్సల్టెంటు. జానపద కళల నిపుణుడి హోదాలో మంత్రిగారి తోడల్లుడు. బృందం మొత్తం ఆ దీవిలో దిగితే దీవి ఒకవైపుకి ఒరుగుతుందేమోనని రహమతున్నీసా అనుమానం వెలిబుచ్చింది.

అప్పుడొచ్చింది పెద్ద కొర్రీ. పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నడవడం ప్రభుత్వాధికారుల గౌరవానికి భంగకరం. కాబట్టి కాంక్రీటు రేవు, దాని మీద దీపాలు.

ఈసారి ఎజ్రా చెప్పు కోస్తే సరిపోదు. అతను ఆ ఉత్తరాలన్నీ మూటగట్టుకుని పక్క పెద్ద దీవికి వెళ్ళి, అక్కడి ప్రభుత్వం బల్ల మీద పెట్టాడు. వాళ్ళు చదివి బెంబేలెత్తిపోయారు. అంత పెద్ద దేశం నుంచి, ఇంత పెద్ద బృందం, ఇన్ని సూచిక నంబర్లతో వస్తోంది. పరువు పోతుంది. సిమెంటు బయల్దేరింది, జనరేటరు బయల్దేరింది, శిలాఫలకం చెక్కేవాడు బయల్దేరాడు. ఊరంతా చూస్తుండగానే రేవు లేచింది.

'గంగా, రేవు బాగుంది. మేకలు దాని మీదే పడుకుంటున్నాయి. ఎప్పుడొస్తావు?' అని రాశాడు ఎజ్రా.

ఆ తర్వాత అతని ఉత్తరాల తీరు మారింది. ముందు విషయం అన్న మాట పైకెక్కింది. తర్వాత సూచిక నంబరు. ఒకరోజు గంగాధరం, చేపలు బాగా పడుతున్నాయా అని మామూలుగా అడిగితే, 'తమరి లేఖ అందినది, మత్స్య విభాగం నుంచి నివేదిక కోరడమైనది' అని జవాబొచ్చింది. గంగాధరం దాన్ని రెండుసార్లు చదివాడు. ఉత్తరం రహమతున్నీసాకి చూపించాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఆయనకి మన గాలి సోకింది సార్," అంది.

చివరి సమావేశం నాటికి అన్ని కొర్రీలకూ సమాధానాలున్నాయి. సుభాషిణి దుప్పట్లు తీసేసి సూట్‌కేసు ఎండలో పెట్టింది. కందిపొడి కొట్టింది, చెగోడీలు చేసింది. విమానంలో సీసాలు రానివ్వరని ఈసారి అన్నీ ప్లాస్టిక్ కవర్లలో కట్టింది. గంగాధరం జీవితంలో మొదటిసారి టోపీ కొనుక్కున్నాడు.

గోడ మీద పెద్దగా ఫోటోలు పడ్డాయి. సెయింట్ ఓర్లా రేవు. అతిథి గృహం. ఎర్ర దీపం తిరుగుతున్న అంబులెన్సు. కాపలాదారు యూనిఫాంలో సెల్యూట్ చేస్తున్నాడు. శిలాఫలకం పక్కన టై కట్టుకుని డైరెక్టర్ ఎజ్రా. మేకలు కంచె అవతల ఉన్నాయి.

శేషశాయి గారు గొంతు సవరించుకున్నారు.

"ప్రతిపాదన శీర్షిక చదువుతాను. 'అభివృద్ధి సోకని దీవి: ఒక అధ్యయనం.' ఈ ఫోటోల్లో అభివృద్ధి సోకనిది ఏదో గంగాధరం గారు దయచేసి చూపించాలి."

గంగాధరానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. "ఇవన్నీ తమరు అడిగినవే కదా సార్."

"అడగడం నా విధి. అవి ఉంటే తిరస్కరించడం కూడా నా విధే. ఈ రెండింటినీ మీరు కలపకూడదు."

యాత్ర రద్దయితే తన సీటు కూడా పోతుందని ఎవరో ఆయనకి గుర్తు చేశారు. నియమం ముందు తానెంతని ఆయన మామూలుగానే అన్నారు. ఆయన నిజంగానే అంత నిజాయితీపరుడు. అదే అందరి ప్రాణానికీ వచ్చింది.

అందరూ మంత్రిగారి వంక చూశారు. మంత్రిగారికి అప్పటికే ఇంకో విమానంలో ఇంకో పత్రిక దొరికింది. అందులో మంచుగడ్డలతో కట్టిన ఇళ్ళున్నాయి. ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రం గంగాధరం ఇంటికి వెళ్ళాడు. సుభాషిణి అతని మొహం చూసి లోపలికెళ్ళి దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి చెగోడీల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

మర్నాడు మండలిలో అర్జీల రోజు. గోదావరి సముద్రంలో కలిసే చోట నత్తలంక అని ఒక ఊరుంది. అక్కణ్ణుంచి మల్లాడి పోలయ్య అని పెద్దమనిషి వచ్చాడు. అతని అర్జీ చాలా పాతది. నత్తలంకలో పడవ ఎక్కాలంటే నడుం దాకా బురదలో దిగాలి. పురుటికి వెళ్ళే ఆడపిల్లని మంచంతో సహా నలుగురు నెత్తికెత్తుకోవాలి. మొన్న వానల్లో అలా మోస్తుంటే ఒకడి కాలు జారింది. తల్లీ బిడ్డా దక్కారుగానీ, ఆ రోజు నుంచి ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఇంట్లో అదే భయం. పోలయ్య కోడలికి ఇప్పుడు నాలుగో నెల.

కూర్చోమంటే కూర్చున్నాడు. బల్ల మీద సెయింట్ ఓర్లా ఫోటోలు అలాగే పడి ఉన్నాయి.

"ఈ రేవు ఏ ఊరిదండి, బాబుగారూ?"

గంగాధరానికి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. మొదట్నుంచీ చెప్పాడు. విమానం పత్రిక, ఎజ్రా, చెప్పు ముద్ర, కొర్రీలు, కాంక్రీటు, రద్దు. పోలయ్య మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని ఫోటో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే, మీరొత్తామన్నారు. ఆళ్ళు కట్టారు. మీరెళ్ళలేదు. అంతేనాండి?"

"అంతే."

"ఆయ్. మరి మా లంకక్కూడా ఎవరో పెద్దోరు వత్తారని అనుకోండి బాబూ. రానక్కర్లేదు. అనుకుంటే చాలు."

గంగాధరం అతని మొహంలో వెటకారం కోసం వెతికాడు. లేదు. పక్క బల్ల దగ్గర రహమతున్నీసా అప్పటికే కంప్యూటర్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"ఎవరికి సార్, ఎజ్రా గారికేనా?" అంది.

ఉత్తరం ఆ పూటే వెళ్ళింది. సెయింట్ ఓర్లా అభివృద్ధి లేమి శాఖ డైరెక్టర్ గారు, తమ శాఖకు మూలమైన అభివృద్ధి లేమి ఎలా ఉండేదో మరచిపోకుండా ఉండేందుకు, నత్తలంకను సందర్శించవలసిందిగా ఆహ్వానం. ఎజ్రా ఆఫీసు వెంటనే అంగీకరించింది. అంగీకరించి కొర్రీలు పంపింది. శాఖాధిపతి హోదాకు తగ్గ రేవు ఉండవలెను. దీపాలుండవలెను. అస్వస్థత కలిగినచో చూచుటకు నర్సు ఉండవలెను. హోదా పేరు తప్ప ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అన్నీ గంగాధరం రాసి పంపినవే.

విదేశీ శాఖాధిపతి వస్తున్నాడు. జిల్లా కదిలింది. ఇంజనీర్లు నత్తలంక ఎక్కడుందో కనుక్కుని మరీ వెళ్ళారు. బురదలో స్తంభాలు దిగాయి. విదేశీ అతిథి మర్యాదల ఖర్చు ఆర్థిక శాఖ పరిశీలనకి రాదని పాత ఉత్తర్వు ఒకటుంది. అది రాసింది శేషశాయి గారే. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చోవలసి వచ్చింది. చిట్టచివర, రేవు పూర్తయి దీపాలు వెలిగాక, ఫైలు పర్యటన ఆమోదం కోసమని ఆయన బల్ల మీదికి వచ్చింది. ఫోటోలు చూశారు. సందర్శించవలసిన స్థలంలో రేవు ఉన్నందున అభివృద్ధి లేమి కనిపించడం లేదు, యాత్ర రద్దు అని రాశారు.

అతిథి రాలేదు కాబట్టి నత్తలంక రేవుకు ప్రారంభోత్సవం జరగలేదు. ప్రారంభోత్సవం జరగలేదు కాబట్టి అధికారికంగా అది ఇంకా లేదు. ఆ లేని రేవు మీద పోలయ్య కోడలు నడిచి వెళ్ళి పడవెక్కింది. వారం తర్వాత ఆడపిల్లని ఎత్తుకుని దాని మీదే దిగింది.

గంగాధరం రిటైరయ్యాడు. శాలువా కప్పారు, మాట్లాడారు, అతని నిబద్ధతను కొనియాడారు. విమానాశ్రయంలో అతని సేవల్ని ఒకాయన ప్రత్యేకంగా తలచుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నది రహమతున్నీసా ఒక్కతే. శాలువా మడిచి చంకలో పెట్టుకుని గంగాధరం ఇంటికొచ్చాడు. సముద్రం అవతల ఒక దీవి ఉందని, దాన్ని చూడకుండానే చెడగొట్టానని, అన్నం దగ్గర సుభాషిణితో అన్నాడు. ఆవిడ ఇంకో చెంచా నెయ్యి వేసింది.

నెల్లాళ్ళకి ఎజ్రా నుంచి ఉత్తరం. సూచిక నంబరు లేదు.

'గంగా, ఉద్యోగం మానేశాను. ఒకరోజు చేపలకి పోదామనుకున్నాను. సెలవు కావాలి. ఇచ్చేవాడు లేడు. నా పైన ఒక మనిషిని నువ్వు ఆ కాగితంలో పెట్టలేదు. నా సెలవు నేనే ఇచ్చుకోకూడదని మా కాపలాదారు అన్నాడు. వాడు నా బావమరిది. మేకల్ని పడవలో ఎక్కించుకుని ఇంకొంచెం అవతల ఉన్న దిబ్బ మీదికి వచ్చేశాను. ఇక్కడ ఏమీ లేదు. నువ్వూ మీ ఆవిడా రండి. జవాబు రాయకు. వస్తే చాలు.'

గంగాధరం చదివి సుభాషిణికిచ్చాడు. ఆవిడ చదివింది. ఈసారి ఎవరు పంపిస్తున్నారని అడిగింది. ఎవరూ పంపించట్లేదు, మనమే వెళ్తున్నాం అన్నాడు. అలా కూడా వెళ్తారా అంది. వెళ్ళొచ్చట, జనం వెళ్తుంటారట అన్నాడు గంగాధరం. ముప్ఫై ఏళ్ళకు పైగా యాత్రలు నడిపిన మనిషికి అది నిజంగానే కొత్త సంగతి.

పింఛను కాగితాల పని ఒకటి మిగిలి ఉంటే, చివరిసారిగా సెక్రటేరియట్‌కి వెళ్ళాడు. నడవాలో శేషశాయి గారు ఎదురయ్యారు. ఆప్యాయంగా చెయ్యి పట్టుకున్నారు. విశ్రాంత జీవితం ఎలా ఉందని అడిగారు. ఊరెళ్తున్నామని చెప్పాడు గంగాధరం. ఏ ఊరన్నారు. విదేశం, ఒక దీవి అన్నాడు.

శేషశాయి గారి కళ్ళు చాలా రోజుల తర్వాత మెరిశాయి. చెయ్యి తనంతట అదే జేబులోని పెన్ను మీదికి పోయింది.

"రిటైరైన అధికారి విదేశీ ప్రయాణం సమాచారార్థం తెలియజేస్తే మంచిది. నేనే చిన్న నోట్ పెడతాను, మీకు శ్రమ లేకుండా. దీవి పేరు చెప్పండి."

"పేరు లేదు సార్."

"అంటే?"

"దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు."

పెన్ను గాల్లోనే నిలిచిపోయింది. పేరు లేకపోతే ఫైలు తెరవడానికి లేదు. ఫైలు లేకపోతే కొర్రీ వెయ్యడానికి లేదు. ఆయన పెదవులు కదిలాయి. ఏదో నియమం కోసం లోపల వెతుక్కుంటున్నట్టున్నారు.

ఆయనకది దొరికేలోగా గంగాధరం రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు.